సంతకం పెట్టని మేనేజర్

బ్రయన్ ఎప్‌స్టైన్ పేరు మీద ఒకే ఒక్క పుస్తకం ఉంది. 'ఎ సెల్లార్‌ఫుల్ ఆఫ్ నాయిస్'. నేలమాళిగ నిండా రొద, అనుకోవచ్చు తెలుగులో. 1964 అక్టోబర్లో వచ్చింది. అప్పటికి అతనికి ముప్ఫై ఏళ్ళు. బీటిల్స్‌కి మేనేజర్ అయ్యి మూడేళ్ళు కూడా నిండలేదు. ముప్ఫై ఏళ్ళకే ఆత్మకథేంటి అనిపిస్తుంది గానీ, ఆ మూడేళ్ళలో జరిగిందంతా చూస్తే ఇంకొకడైతే మూడు సంపుటాలు రాసేవాడు. ఇది చిన్న పుస్తకం. ఒక ఆదివారం కూర్చుంటే అయిపోతుంది.

నేను దాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగంలో చేరిన కొత్తలో. హాస్టల్లో ల్యాన్ మీద పంచుకున్న ఫోల్డర్లలోంచి బీటిల్స్ పాటలు వచ్చిపడ్డ కాలం అది. పాటలన్నీ విన్నాక వాళ్ళ గురించి ఏం దొరికితే అది చదివేవాణ్ణి. అలా చదివినప్పుడు ఈ పుస్తకం చప్పగా అనిపించింది. మర్యాదస్తుడైన ఒక షాపు యజమాని, తన దగ్గరున్న కుర్రాళ్ళు ఎంత మంచివాళ్ళో చెప్తున్నట్టుంటుంది. జాన్ లెనన్ నోటి దురుసు గానీ, హాంబర్గ్ రాత్రుల కంపు గానీ అందులో లేవు. సగం పేజీలు తిప్పేశాను.

పదేళ్ళ తర్వాత మళ్ళీ చదివాను. ఈసారి బీటిల్స్ కోసం కాదు, ఎప్‌స్టైన్ కోసం. ఈ పదేళ్ళలో అతని జీవితం గురించి వేరేచోట్ల చదివినవి మనసులో ఉన్నాయి. అవి తెలిశాక ఈ పుస్తకం వేరే పుస్తకం అయిపోయింది. ప్రతి పేజీలోనూ ఏం చెప్పాడన్న దానికంటే ఎక్కడ ఆగిపోయాడో కనిపిస్తుంది.

*

మొదలు మాత్రం దాపరికం లేకుండానే ఉంటుంది. 1934 సెప్టెంబర్ 19న లివర్‌పూల్లో పుట్టాడు. యూదుల కుటుంబం. లిథువేనియా నుంచి వలసొచ్చిన తాత ఐజాక్ పెట్టిన ఫర్నిచర్ షాపు వాళ్ళ జీవనాధారం. పక్కనే ఉన్న నార్త్ ఎండ్ మ్యూజిక్ స్టోర్స్ అనే కొట్టుని కూడా తర్వాత కొనేసి కలుపుకున్నారు. దాన్నే పొట్టిగా నెమ్స్ అంటారు. పాల్ మెకార్ట్నీ వాళ్ళింట్లో పియానో ఆ కొట్లో కొన్నదే.

పెద్దకొడుకు కాబట్టి షాపు తనకే రావాలి. తనకేమో అది వద్దు. పదేళ్ళప్పుడు లివర్‌పూల్ కాలేజ్ అనే బళ్ళోంచి పంపేశారు. తర్వాత ఎన్ని బళ్ళు మారాడో చదువుతుంటే మనకే లెక్క తప్పుతుంది. డ్రెస్ డిజైనర్ అవుతానని ఇంటికి ఉత్తరం రాస్తే తండ్రి కుదరదన్నాడు. 'మగపిల్లాడివి, అదేం పని' అన్న మాట ఏ భాషలోనైనా ఒకేలా వినిపిస్తుంది కదా. షాపులో కూర్చోబెట్టారు. ఆ కాలంలో తప్పనిసరైన సైనిక సేవకి పంపితే, మానసికంగా పనికిరాడని గడువుకి ముందే వెనక్కి పంపారు. తర్వాత నటుడవుదామని లండన్లో రాడాలో చేరాడు. రాడా అంటే నటన నేర్పే చోట్లలో పెద్ద పేరున్న విద్యాలయం. అదీ మధ్యలోనే వదిలేసి ఇంటికొచ్చాడు.

ఇవన్నీ పుస్తకంలో చెప్తాడు. పెద్దగా ఏడుపు లేకుండా, 'నేను దేనికీ పనికిరానివాణ్ణని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను' అన్న ధోరణిలో. ఎందుకలా జరుగుతూ వచ్చిందో మాత్రం చెప్పడు.

చివరికి అతనికి కుదిరింది ఆ వద్దనుకున్న షాపే. నెమ్స్‌లో రికార్డుల విభాగం చేతికిస్తే దాన్ని ఉత్తర ఇంగ్లండ్‌లోనే పేరున్న రికార్డుల దుకాణంగా చేశాడు. అతని నియమం ఒకటే: ఒక్క మనిషి వచ్చి అడిగినా సరే, ఆ రికార్డు ఎక్కడున్నా తెప్పించి ఇవ్వాలి. లేదన్న మాట కౌంటర్ దగ్గర వినపడకూడదు.

పుస్తకంలో అసలు కథ ఈ నియమంతోనే మొదలవుతుంది. 1961 అక్టోబర్ 28, శనివారం, మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో రేమండ్ జోన్స్ అనే కుర్రాడు వచ్చి 'మై బానీ' అనే రికార్డు అడిగాడు. జర్మనీలో చేసిన రికార్డు, బీటిల్స్ అనే బ్యాండ్ వాయించింది. ఎప్‌స్టైన్ ఆ పేరెప్పుడూ వినలేదు. రాసిపెట్టుకుని వాకబు చేస్తే, వాళ్ళు జర్మన్లు కాదు, ఈ ఊరివాళ్ళే, ఇక్కడికి దగ్గర్లోనే మధ్యాహ్నం పూట వాయిస్తారని తెలిసింది.

కథగా ఎంత బావుందో. కాకపోతే లివర్‌పూల్లో అప్పుడు 'మెర్సీ బీట్' అనే పత్రిక ఉండేది. ఆ జులైలో వచ్చిన రెండో సంచిక మొదటి పేజీలోనే బీటిల్స్ రికార్డు వార్త వచ్చింది. ఆ పత్రికని ఎప్‌స్టైన్ తన షాపులోనే అమ్మేవాడు. ఆగస్టు నుంచి అందులో రికార్డుల మీద కాలమ్ కూడా రాస్తున్నాడు. తన కాలమ్ వచ్చే పత్రిక మొదటి పేజీ చూడని రచయిత ఎవరైనా ఉంటారా? బీటిల్స్ కుర్రాళ్ళు కూడా అతని షాపుకొచ్చి, కొనకుండా రికార్డులు విని పోయేవాళ్ళే.

అయితే ఇది అబద్ధమని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. రేమండ్ జోన్స్ అనే మనిషి నిజంగానే ఉన్నాడని తర్వాత తేలింది. ఎప్‌స్టైన్ కథని కాస్త సర్దాడంతే. నేను వాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళాను అని చెప్పుకోవడానికి అతనికి ఎందుకో ఇబ్బంది. ఒక కస్టమర్ అడిగాడు కాబట్టి వెళ్ళాను అంటే సరిపోతుంది. కోరిక తనది కాదన్నమాట, ఆర్డరు. పుస్తకమంతా ఇదే పద్ధతి. తనకి కావాల్సిందాన్ని ఎప్పుడూ ఇంకొకళ్ళ అవసరంగా మార్చి చెప్తాడు.

*

నవంబర్ 9న మాథ్యూ స్ట్రీట్‌లో కావర్న్ అనే నేలమాళిగ క్లబ్బుకి వెళ్ళాడు. సూటూ టై వేసుకుని, పక్కన తన అసిస్టెంట్ అలిస్టర్ టేలర్‌ని పెట్టుకుని. మెట్లు దిగితే కింద చీకటి, చెమట, గోడల మీంచి కారే నీళ్ళు. ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు మధ్యాహ్నం భోజనం టైములో వచ్చి నిలబడి వింటున్నారు. స్టేజి మీద నలుగురు, నల్ల తోలు జాకెట్లు, పాటకీ పాటకీ మధ్య సిగరెట్లు, తిండి, ముందు వరసలో వాళ్ళతో వెటకారాలు, అప్పుడప్పుడూ జనానికి వీపు చూపించడం. ఎప్‌స్టైన్ ఇష్టంగా వినే సంగీతం వేరు. సిబేలియస్ అంటే ప్రాణం. ఇలాంటి మనిషికి అక్కడ ఏం కనిపించింది?

ఈ ప్రశ్నకి రెండు పాపులర్ జవాబులున్నాయి. ఒకటి, వ్యాపారికి లాభం కనిపించింది. రెండోది, లెనన్ మీద మనసు పడింది. రెండోదాని గురించి పుస్తకాలే ఉన్నాయి. నాకు మాత్రం మూడోది కూడా ఉందనిపిస్తుంది. రాడా నుంచి ఓడిపోయి వచ్చిన మనిషి అతను. స్టేజి మీద నిలబడి జనాన్ని పట్టుకోవడం అంటే ఏంటో తెలుసు, అది తనవల్ల కాదనీ తెలుసు. ఆ నలుగురికి అది ఊపిరి తీసినంత సులువుగా వస్తోంది. వాళ్ళకి రానివల్లా మిగిలినవి: టైముకి రావడం, ఉత్తరాలకి జవాబివ్వడం, డబ్బు లెక్క, ఎవరితో ఎలా మాట్లాడాలన్నది. అవన్నీ తనకి వచ్చు. షాపు నేర్పింది.

1962 జనవరి 24న కాంట్రాక్టు రాసుకున్నారు. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, అప్పటి డ్రమ్మర్ పీట్ బెస్ట్ సంతకాలు పెట్టారు. అలిస్టర్ టేలర్ సాక్షి సంతకం పెట్టాడు. మేనేజర్ సంతకం ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. ఎప్‌స్టైన్ పెట్టలేదు. ఒప్పందంలో ఉన్నవన్నీ తను ఎలాగూ చేస్తాడు. వాళ్ళకి ఎప్పుడైనా వెళ్ళిపోవాలనిపిస్తే మాత్రం తను అడ్డుపడే వీలుండకూడదు. తర్వాత దీనికి చెప్పిన కారణం ఇది. ఎలాగూ పాల్, జార్జ్ ఇద్దరికీ ఇరవై ఒకటి నిండలేదు కాబట్టి ఆ కాగితం చట్టం ముందు నిలిచేది కూడా కాదు. అక్టోబర్లో వాళ్ళ తండ్రులతో కూడా సంతకాలు పెట్టించి అయిదేళ్ళకి సరైన కాంట్రాక్టు రాశారు. దానిమీద ఎప్‌స్టైన్ సంతకం ఉంది. కమిషన్ ఇరవై అయిదు శాతం దాకా.

ఆ తొమ్మిది నెలల్లో చేసిన పని అంతా ఖాళీ సంతకం మీద చేసిందే. ఆ కాగితం కంటే ముందే, జనవరి 1న లండన్లో డెక్కా కంపెనీ ఆడిషన్‌కి పదిహేను పాటలు పాడించాడు. వాళ్ళు వద్దన్నారు, ఇంకో బ్యాండుని తీసుకున్నారు. మిగతా కంపెనీల గుమ్మాలు ఒక్కొక్కటే తట్టాడు. షాపు కట్టేసి లండన్ రైలెక్కడం, కాదనిపించుకుని తిరిగి రావడం, లివర్‌పూల్ స్టేషన్లో ఎదురుచూస్తున్న వాళ్ళకి మళ్ళీ అదే మాట చెప్పడం. టేపులు పట్టుకు తిరిగితే వినేవాళ్ళు లేరని ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని హెచ్ఎంవీ షాపులో వాటిని డిస్కులుగా కోయించాడు. అక్కడి మనుషుల మాట సాయంతో ఈఎంఐ వాళ్ళ పార్లోఫోన్ లేబుల్ చూసే జార్జ్ మార్టిన్ దగ్గరికి చేరాడు. జూన్ 6న మొదటి సెషన్. చేతికొచ్చిన రేటు ఒక్కో సింగిల్‌కి ఒక్క పెన్నీ. ఆ పెన్నీని నలుగురూ పంచుకోవాలి.

ఇవతల మనుషుల్ని మార్చే పని. తోలు జాకెట్లు తీయించి బర్కెన్‌హెడ్‌లో బెనో డోర్న్ అనే దర్జీ దగ్గర సూట్లు కుట్టించాడు. స్టేజి మీద తినకూడదు, తిట్టకూడదు, పాట అవగానే నలుగురూ ఒకేసారి వంగి దణ్ణం పెట్టాలి. ఏ రోజు ఏ ఊరు, ఎన్నింటికి, ఎంతసేపు, అక్కడ ఎవరు ముఖ్యం అని టైపు చేసిన కాగితాలు వారం వారం ఇచ్చేవాడు. ఆగస్టులో పీట్ బెస్ట్‌ని తీసేసి రింగోని తెచ్చుకోవాలని మిగతా ముగ్గురూ నిర్ణయించుకున్నారు. ఆ సంగతి పీట్‌తో చెప్పడానికి ముగ్గురిలో ఒక్కడూ రాలేదు. నెమ్స్ ఆఫీసులో ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది ఎప్‌స్టైనే.

పోయినేడాది ఈ పేజీలు నేను మామూలుగా చదవలేకపోయాను. అప్రైజల్లో నన్ను అడిగారు: ఇలాగే ఇంజనీర్‌గా కొనసాగుతావా, టీమ్ తీసుకుంటావా అని. మా ఐటీలో మేనేజర్ అన్న మాటకి టీ బంకు దగ్గర ఎంత మర్యాద ఉందో అందరికీ తెలుసు. కోడ్ మర్చిపోయినవాడు, స్లైడ్లు వేసేవాడు. నేను టీమ్ తీసుకున్నాను. మొదటి రెండు మూడు నెలలు విచిత్రంగా ఉండేది. పొద్దున్నుంచీ మాట్లాడుతూనే ఉంటాను, రాత్రి తొమ్మిదింటికి గిట్ లాగ్ చూస్తే నా పేరుతో ఒక్క కమిట్ ఉండదు. మరి రోజంతా ఏం చేసినట్టు? ఎవరికో ఎవరితోనో పడకపోతే కూర్చోబెట్టి మాట్లాడాను. ఒక అమ్మాయి డిజైన్‌ని పైవాళ్ళు కొట్టేయబోతుంటే ఇంకో వారం గడువు అడిగాను. ఒకతనికి కాంట్రాక్ట్ పొడిగించట్లేదని చెప్పాను. ఇదే పని అని నమ్మడానికి టైము పట్టింది.

ఎప్‌స్టైన్‌తో పోల్చుకునేంత అమాయకత్వం నాకు లేదు. కానీ తన పేరు ఎక్కడా పడని పనిని ఒకడు అంత శ్రద్ధగా చేసిన వివరాలు చదువుతుంటే ఆ రాత్రులు కొంచెం తేలికయ్యాయి. నమ్మకం అనే మాటని మనం పెద్ద పెద్ద సందర్భాలకి వాడతాం. అతని విషయంలో నమ్మకమంటే రైలు టిక్కెట్టు, టైపు చేసిన కాగితం.

*

అతను గొప్ప వ్యాపారేమీ కాదు. ఈ మాట ఒప్పుకోకుండా అతని గురించి రాస్తే భజన అయిపోతుంది. 1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ అమెరికాలో ఎడ్ సలివన్ షోలో కనిపిస్తే ఏడు కోట్ల ముప్ఫై లక్షల మంది చూశారు. అక్కడ ఎప్‌స్టైన్ బేరం అద్భుతం: మూడు ఎపిసోడ్లకి కలిపి పదివేల డాలర్లంటే చాలా తక్కువ, కానీ ప్రతిదానిలోనూ మావాళ్ళ పేరే పైన ఉండాలన్నాడు. డబ్బు వదులుకుని స్థానం అడిగాడు. అదే కాలంలో బీటిల్స్ విగ్గులు, బొమ్మలు, బ్యాడ్జీలు అమ్ముకునే హక్కులు సెల్టేబ్ అనే కంపెనీకి వెళ్ళాయి. ఆ పేరు ఇంగ్లీషులో బీటిల్స్‌ని తిరగేసి రాసిందే. ఒప్పందం ప్రకారం వాళ్ళకి తొంభై శాతం, మనవాళ్ళకి పది. ఇది తెలిశాక కోర్టుల చుట్టూ తిరిగారు గానీ పోయింది పోయింది. రికార్డుల షాపు నేర్పిన లెక్కలు రికార్డుల దాకానే పనికొచ్చాయి. ఇంత పెద్ద వ్యాపారం అంతకుముందు ఎవరూ చేయలేదు, అడిగి తెలుసుకోవడానికి మనిషే లేడు అని అతని తరఫున వాదించేవాళ్ళున్నారు. అదీ నిజమే.

సరిగ్గా ఈ గొడవల మధ్య, 1964లోనే, పుస్తకం రాయమని అడిగారు. అతనికి తీరిక లేదు. డెరెక్ టేలర్ అనే పత్రికా విలేఖరి రాసిపెట్టాడు. ఇద్దరూ టార్కీ అనే సముద్రతీర పట్నంలో ఇంపీరియల్ హోటల్లో మకాం పెట్టి, ఎప్‌స్టైన్ చెప్తుంటే టేపు మీద రికార్డు చేశారు. ఆ టేపుల్లోంచి టేలర్ పుస్తకం తయారుచేశాడు. అంటే, సంతకం పెట్టని కాంట్రాక్టుకి కట్టుబడి తొమ్మిది నెలలు పనిచేసిన మనిషి, తన చేత్తో రాయని పుస్తకానికి సంతకం పెట్టాడు.

ఆ హోటల్లో జరిగిన ఒక సంగతి టేలర్ తర్వాత చెప్పాడు. టేపు ఆపి మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు ఎప్‌స్టైన్ ఇక చుట్టూ తిప్పకుండా చెప్పేశాడట, తను హోమోసెక్సువల్ అని. ఇది తెలియకుండా నువ్వు నా కథ రాయలేవని చెప్పడం. తెలిశాక కూడా రాయకూడదని చెప్పడం కూడా అదే.

ఇంగ్లండ్‌లో అప్పుడది నేరం. 1885 నాటి చట్టం, ఆస్కార్ వైల్డ్‌ని జైలుకి పంపింది అదే. ఎప్‌స్టైన్ రాడాలో ఉన్న రోజుల్లో, 1957లో, లండన్లో ఒక మఫ్టీ పోలీసు చేతిలో అరెస్టయ్యాడు. తర్వాత లివర్‌పూల్లో ఒకడు కొట్టి, డబ్బివ్వకపోతే బయటపెడతానని బెదిరిస్తే కోర్టుదాకా వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ అతని పేరు మిస్టర్ ఎక్స్. ఇవన్నీ కావర్న్ మెట్లు దిగకముందు జరిగినవి. పుస్తకంలో ఇవేవీ లేవు. బళ్ళోంచి ఎందుకు తీసేశారు, సైన్యంలోంచి ఎందుకు పంపారు, రాడా ఎందుకు వదిలాడు అనే ప్రశ్నలకి ఆ పుస్తకంలో జవాబులు ఎందుకంత పలచగా ఉన్నాయో ఇప్పుడు తెలుస్తుంది. పుస్తకానికేం పేరు పెట్టాలని అడిగితే లెనన్ ఆ చివరి మాటని 'బాయ్స్' అని మార్చి ఎగతాళి చేశాడంటారు. ఇంట్లోవాళ్ళందరికీ తెలుసు, దాని మీద జోకులూ నడుస్తాయి. అచ్చులోకి మాత్రం రాకూడదు.

మా ఆఫీసులో నాకు బాగా దగ్గరైన ఒక స్నేహితుడున్నాడు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ మీద తీర్పిచ్చిన రోజు క్యాంటీన్లో అందరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారు. ఇతను మాత్రం మామూలుగా సాంబారన్నం తిని, రిలీజ్ ఎప్పుడు అని అడిగి, లేచి వెళ్ళిపోయాడు. నాకు చెప్పింది ఏడాదిన్నర తర్వాత, అదీ భోజనం దగ్గరే. ఆ రోజు ఎందుకు మాట్లాడలేదని అడిగాను. 'అందరూ అంత బాగా మాట్లాడుతుంటే నేను మాట్లాడితే సందేహం వస్తుందని' అన్నాడు. చట్టం మారిన రోజున కూడా మనిషి ముందు చూసుకునేది పక్క టేబులే. టార్కీ హోటల్ సంగతి చదివినప్పుడు నాకు అతని కంచం కళ్ళముందు కనిపించింది.

*

పుస్తకం 1964తో ఆగిపోతుంది. ఆ తర్వాతి మూడేళ్ళకి పుస్తకం లేదు.

1965లో బీటిల్స్ నలుగురికీ రాణి చేతి మీదుగా ఎంబీఈ బిరుదులొచ్చాయి. ఎప్‌స్టైన్‌కి రాలేదు. ఎంబీఈ అంటే మిస్టర్ బ్రయన్ ఎప్‌స్టైన్ అని వాళ్ళలో వాళ్ళు ఒక జోకు వేసుకున్నారు. 1966 జులైలో ఫిలిప్పీన్స్‌లో అధ్యక్షుడి భార్య ఇచ్చిన విందుకి వెళ్ళలేదని గొడవై, విమానమెక్కేదాకా తన్నులాటే. వెంటనే, జీసస్ గురించి లెనన్ అన్న మాట అమెరికాలో మంట పెడితే, ఆరోగ్యం బాగోకపోయినా ముందుగా న్యూయార్క్ వెళ్ళి పత్రికలవాళ్ళకి సమాధానం చెప్పుకున్నదీ అతనే. ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో చివరి కచేరీ. ఇక టూర్లు లేవు, స్టూడియోలోనే పాటలు చేసుకుంటాం అన్నారు కుర్రాళ్ళు.

సంగీతానికి అది గొప్ప మలుపని అందరం ఒప్పుకుంటాం. ఆ నిర్ణయం మేనేజర్ వైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో మాత్రం నేను మొన్నటిదాకా ఆలోచించలేదు. అతని పని ఏంటి? ఊళ్ళు, హాళ్ళు, టైములు, టైపు చేసిన కాగితాలు. స్టూడియోలో జార్జ్ మార్టిన్ ఉన్నాడు. మేనేజర్‌కి అక్కడ కుర్చీ లేదు. అక్టోబర్లో రాసుకున్న అయిదేళ్ళ కాంట్రాక్టు 1967 అక్టోబర్‌తో అయిపోతుంది. మళ్ళీ రాస్తారో లేదో అన్న దిగులు అతన్ని పట్టుకుందని దగ్గరివాళ్ళందరూ చెప్పారు. నిద్రకీ మేలుకోవడానికీ మాత్రలు, మధ్యలో ఆసుపత్రి.

1967 జనవరిలో ఈఎంఐతో తొమ్మిదేళ్ళకి కొత్త ఒప్పందం చేశాడు. ఒకప్పటి పెన్నీతో పోలిస్తే రాయల్టీ చాలా మెరుగు. కానీ అందులో ఒక మాట పెట్టాడు: ఆ తొమ్మిదేళ్ళూ ఇరవై అయిదు శాతం నెమ్స్‌కే వెళ్తుంది, మేనేజర్‌గా అతను ఉన్నా లేకపోయినా. కుర్రాళ్ళు చదవకుండా సంతకాలు పెట్టారు. అతను తెచ్చిన కాగితాలు వాళ్ళెప్పుడూ చదవలేదు. వెళ్ళిపోవాలంటే వెళ్ళిపోండని చోటు ఖాళీగా వదిలిన మనిషే అయిదేళ్ళు తిరిగేసరికి ఇలాంటి క్లాజు రాశాడు. దీన్ని ద్రోహం అన్నవాళ్ళున్నారు. నాకు భయం అనిపిస్తుంది. వాళ్ళు వెళ్ళిపోయినా ఏదో ఒక తాడు మిగలాలన్న భయం. మొదటి కాగితం గొప్పతనం చెప్పేవాళ్ళు ఈ రెండోదాన్ని దాచకూడదు. రెండూ ఒకే మనిషివి.

జులైలో తండ్రి పోయాడు. అదే జులై 27న కొత్త చట్టానికి రాణి ఆమోదం లభించింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇరవై ఒకటి నిండిన ఇద్దరు మగవాళ్ళ మధ్య నాలుగు గోడల మధ్య సంబంధం ఇక నేరం కాదు. సరిగ్గా నెల తర్వాత, ఆగస్టు 27 ఆదివారం, లండన్ చాపెల్ స్ట్రీట్‌లోని ఇంట్లో పడకగది తలుపు పగలగొట్టి చూశారు. నిద్రమాత్రలు ఎక్కువయ్యాయి. ప్రమాదవశాత్తు జరిగిన మరణమనే విచారణలో తేల్చారు. ముప్ఫై రెండేళ్ళు.

ఆ వారాంతం బీటిల్స్ వేల్స్‌లోని బాంగర్‌లో ఉన్నారు, మహర్షి మహేశ్ యోగి దగ్గర ధ్యానం నేర్చుకుంటూ. మరుసటి ఫిబ్రవరిలో వాళ్ళు రిషీకేశ్ వచ్చిన కథ మనం ఎన్నోసార్లు చెప్పుకున్నాం. అక్కడ రాసిన పాటల లెక్క కూడా చాలామందికి తెలుసు. ఆ కథ మొదట్లో ఈ ఫోన్ కాల్ ఉందన్న సంగతి మనవాళ్ళు తక్కువ చెప్తారు. అంత్యక్రియలకి బీటిల్స్ వెళ్ళలేదు, తాము వెళ్తే జనం, కెమెరాలు కలిసి అక్కడ తిరణాల చేస్తారని. అక్టోబర్లో లండన్ సినగాగ్‌లో జరిగిన సంస్మరణ సభకి వెళ్ళారు.

ఆ తర్వాత రెండున్నరేళ్ళకే బ్యాండు విడిపోయింది. డబ్బు ఎవరు చూడాలన్న దగ్గరే మొదలైంది తగువు. బ్రయన్ పోయినప్పుడే ఇక అయిపోయిందని తనకి అనిపించిందని లెనన్ 1970లో చెప్పాడు. అయిదో బీటిల్ అంటూ ఎవరైనా ఉంటే అది బ్రయనేనని మెకార్ట్నీ అన్నాడు. 2013లో వివేక్ తివారీ ఆ పేరుతోనే అతని మీద గ్రాఫిక్ నవల రాశాడు. 2014లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. 2022లో లివర్‌పూల్లో, పాత షాపు దగ్గర్లో విగ్రహం పెట్టారు. ఇవన్నీ బావున్నాయి, కాస్త ఆలస్యంగా.

'ఎ సెల్లార్‌ఫుల్ ఆఫ్ నాయిస్' ఇప్పటికీ దొరుకుతుంది. చదవమనే చెప్తాను, కాకపోతే నాలాగా మొదటిసారికే సగం తిప్పేయకండి. బీటిల్స్ పుస్తకంగా అది సామాన్యమైనదే. వాళ్ళ గురించి అంతకంటే మంచివి డజను ఉన్నాయి. కానీ తన గురించి చెప్పుకునే వీల్లేని మనిషి, ఇంకొకడి చేత రాయించిన ఆత్మకథగా చదివితే, దాని చప్పదనమంతా అర్థవంతంగా మారుతుంది. అతను గొంతు విప్పి మాట్లాడేది ఒకే ఒక్క విషయం దగ్గర: ఆ నేలమాళిగలో విన్న చోట. అక్కడ మర్యాద పక్కకి పోతుంది. వాళ్ళు ప్రపంచమంతా వినాల్సినవాళ్ళని అతనికి ఆ మధ్యాహ్నమే తెలుసు, ఎవరికీ రుజువు చూపించలేడు.

మిగతాదంతా ఆ షాపు నియమమే. ఎవరో కుర్రాడొచ్చి, స్టాకులో లేని రికార్డు ఒకటి అడిగాడు. రాసిపెట్టుకున్నాడు. తెప్పించి ఇచ్చాడు.